కొంపల్లి ఫంక్షన్ హాల్ పార్కింగ్‌కి తారు మెయింటెనెన్స్ ప్యాకేజీ: ఒక వానాకాలం గడిచాక రివ్యూ

సర్వీసు: తారు పార్కింగ్ స్థలాలకు ‘ప్రివెంటివ్ మెయింటెనెన్స్’ పేరుతో ఒకే ప్యాకేజీగా ఇచ్చే పని. పగుళ్లు నింపడం, గుంతలు కోసి పూడ్చడం, స్లర్రీ సీల్ (రాతి డస్ట్, తారు కలిపిన జావ పూత), ఫాగ్ కోటు (పల్చగా చల్లే తారు పూత), చివర గీతలు.
స్థలం: కొంపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్, 3,600 చదరపు మీటర్లు, ఏడేళ్ల కిందట వేసిన బీటీ (తారు, కంకర తలం).
పని జరిగింది ధనుర్మాసంలో, తొమ్మిది రోజులు. ఈ రివ్యూ రాస్తున్నది అక్టోబరు చివర, వానలు తగ్గి అడుగున తడి కూడా ఆరాక.

కాంట్రాక్టరు పేరు రాయడం లేదు. ఇదే ప్యాకేజీని నగరంలో చాలామంది ఇస్తున్నారు. ఎవరిని పిలిచినా చూసుకోవాల్సినవి ఇవే.

ముందు మార్కులు. పగుళ్ల పనికి 5కి 4.5. స్లర్రీకి 4, గేటు దగ్గర మూల పాడవకపోతే ఇంకా ఎక్కువే ఇచ్చేవాళ్లం. గుంతల పూడ్పుకి 2.5. గీతలకు 2. మొత్తం మీద 3.5. పని కొంత బాగా, కొంత తొందరగా జరిగింది. ఎక్కడెక్కడ తొందరపడ్డారో వానాకాలం వేలుపెట్టి చూపించింది. పని అయిన రోజు మాత్రం మొత్తం ఒకేలా నల్లగా నిగనిగలాడింది. ఈ నలుపు చూసి బిల్లు పాస్ చేయడమే హైదరాబాద్‌లో పార్కింగ్ పనులన్నిటికీ పట్టిన జబ్బు. కింద పగులు శుభ్రం చేశారో లేదో, నూనె మరక తీశారో లేదో, నీళ్లు పోయే దారి చూశారో లేదో ఆ నలుపు కింద ఏదీ కనబడదు.

పార్కింగ్ ఎందుకు పాడవుతుంది

రోడ్డు బరువుకు అరుగుతుంది. పార్కింగ్ అలా కాదు. ఇక్కడ బండ్లు మెల్లగా వస్తాయి, ఎక్కువసేపు నిలబడతాయి, నిలబడ్డచోటే స్టీరింగ్ తిప్పుతాయి. టైరు ఒకేచోట మెలిపడి పై కంకరను లాగుతుంది. రోడ్డు మీద బండ్ల రాకపోకలకు తారు ఎప్పటికప్పుడు కొంచెం నలుగుతూ ఉంటుంది. వారానికి రెండు రోజులే బండ్లుండే పార్కింగ్‌లో ఆ నలుగుడు ఉండదు, ఎండ మాత్రం ఏడాదంతా ఉంటుంది. మే నెలలో నల్లటి తలం 60 డిగ్రీలు దాటుతుంది. తారులో తేలికపాటి నూనెలు తగ్గిపోయి, గాలిలో ఆక్సిజన్ కలిసి, అది బూడిదరంగుకు తిరిగి పెళుసవుతుంది. అలా పెళుసైనదే చలికాలంలో కుంచించుకున్నప్పుడు పగులుతుంది.

ఫంక్షన్ హాల్‌కి పైగా ఇంకొన్ని కష్టాలున్నాయి. ఓవర్‌ఫ్లో భోజనాలకు పార్కింగ్‌లోనే షామియానా వేస్తారు. దానికి ఇనుప గూటాలు కొడతారు. ఒక్కో గూటం తీశాక అంగుళం వెడల్పు రంధ్రం మిగులుతుంది, అది నేరుగా కింద మెటల్ (కంకర) పొరలోకి నీళ్లు దింపే గొట్టం. ఈ స్థలంలో అలాంటివి 60కి పైగా లెక్కతేలాయి. వంటవాళ్ల పొయ్యిల కింద తారు మెత్తబడి గుంట పడింది. జనరేటర్ బండి నిలిచేచోట డీజిల్ కారి తారు కరిగింది. డీజిల్, పెట్రోల్, తారు మూడూ ముడి చమురులోంచి వచ్చినవే, అందుకే ఒకదాన్నొకటి కరిగించుకుంటాయి. ఇక కాలువ జాలీల్లో విస్తరాకులు, బంతిపూలు, పేపర్ గ్లాసులు.

ఇంకొకటి రాయి సంగతి. హైదరాబాద్ చుట్టూ క్రషర్లలో దొరికేది ఎక్కువగా గ్రానైట్. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, దానికి తారు కన్నా నీళ్లంటే మక్కువ. కంకరకు, తారుకు మధ్య నీళ్లు చేరితే తారు పొర ఊడి, కంకర శుభ్రంగా కడిగినట్టు బయటపడుతుంది. దీన్నే స్ట్రిప్పింగ్ అంటారు. ఐఎస్ 6241 (భారత ప్రమాణం) పరీక్షలో నీళ్లలో నానబెట్టాక కంకర మీద తారు పూత కనీసం 95 శాతం నిలవాలని రోడ్ల స్పెసిఫికేషన్ చెబుతుంది. ఎమల్షన్ అంటే తారును సన్నని బిందువులుగా నీళ్లలో కలిపిన ద్రవం. అందులో కేటియానిక్ రకం మన రాయికి సరిపోయేది కూడా ఇందుకే: దాని తారు బిందువుల మీద ధన ఆవేశం, తడి గ్రానైట్ మీద రుణ ఆవేశం. రెండూ పట్టుకుంటాయి.

కాబట్టి ఇక్కడ మెయింటెనెన్స్ అంటే ముఖ్యంగా నీళ్లను ఆపడం. ఈ ప్యాకేజీని ఆ లెక్కలోనే తూచాం.

ఏ నెలలో పెట్టుకోవాలి

ఫంక్షన్ హాళ్లకు ఏటా దొరికే ఖాళీల్లో ముఖ్యమైనవి రెండు: ఆషాఢం, ధనుర్మాసం. మూఢాలు వస్తే అదనం. చాలామంది ఆషాఢంలో పెట్టుకుంటారు, శ్రావణం ముహూర్తాలకు స్థలం కొత్తగా కనబడాలని. అది సరిగ్గా వానలు పట్టే సమయం. ఎమల్షన్‌లో దాదాపు 40 శాతం నీళ్లే. ఆ నీళ్లు పోతేనే తారు రాయిని పట్టుకుంటుంది. మధ్యలో జల్లు పడితే గోధుమరంగు నీళ్లు కాలువలో కలుస్తాయి, డబ్బులతో సహా. పగుల్లో తడి ఉండగా 180 డిగ్రీల సీలెంట్ (పగులు నింపే తారు సరుకు) పోస్తే తడి ఆవిరై బుడగలు లేస్తాయి, అంచు అతుక్కోదు.

ధనుర్మాసం, అంటే డిసెంబరు మధ్య నుంచి భోగి దాకా, మేలు. వాతావరణం పొడిగా ఉంటుంది. చలికి పగుళ్లు బాగా తెరుచుకుని ఉంటాయి, నింపడానికి అదే అదను. ఇబ్బందల్లా పొద్దున మంచు, సాయంత్రం త్వరగా చల్లబడటం. ఈ బృందం పగుళ్ల పని 10:30కి ముందు మొదలుపెట్టలేదు, స్లర్రీ 3 గంటలకల్లా ఆపేసింది (ఒక్క రోజు తప్ప, అది కింద చెబుతాం). నెల ఎంపికలో హాల్ మేనేజర్‌కి, కాంట్రాక్టరుకి ఇద్దరికీ పూర్తి మార్కులు.

సర్వే, నీళ్ల పరీక్ష

మొదటిరోజు సుద్దముక్క, టేపు పట్టుకుని తిరిగారు. 3 మి.మీ. దాటిన పగుళ్లు 410 మీటర్లు, కోసి పూడ్చాల్సిన చోట్లు 14 (మొత్తం 22 చదరపు మీటర్లు), నూనె మరకలు 6, నీళ్లు నిలిచే పల్లాలు 3. పల్లాలు పట్టడానికి ట్యాంకర్ తెప్పించి ఎత్తు వైపు నుంచి నీళ్లు వదిలారు. గంట తర్వాత ఎక్కడ నీళ్లు మిగిలాయో వాటి చుట్టూ సుద్దతో గీశారు. ఇంత తేలిక పరీక్షను చాలామంది చేయరు. తారు తలానికి 2 నుంచి 2.5 శాతం వాలు కావాలి, అంటే 10 మీటర్లకు 20 నుంచి 25 సెం.మీ. మూడు మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకరలేని పట్టీ) పెడితే రెండు పల్లాల్లో లోతు 8 మి.మీ. లోపే, మూడోది 22 మి.మీ. మొదటి రెంటినీ స్లర్రీ రెండు చేతులుగా వేసి సరిచేశారు. మూడోదానికి స్లర్రీ పనికిరాదు, అంత మందంగా వేస్తే లోపల ఆరకుండా పైన మాత్రం పొర కడుతుంది. దాన్ని వేడి మిక్స్‌తో (ప్లాంటులో వేడిగా కలిపిన తారు, కంకర) లెవెల్ చేయాలని వాళ్లే చెప్పారు, చేశారు.

జాలీలు తీసి కాలువ పూడిక కూడా ఎత్తారు. కొటేషన్‌లో ఆ పని లేదు. అడగకుండా చేసినందుకు మెచ్చుకోవాలి.

పగుళ్లు: ఈ ప్యాకేజీలో బాగా చేసిన పని

పద్ధతి ఇలా సాగింది. 3 మి.మీ. లోపు సన్నవాటిని స్లర్రీకి, ఫాగ్ కోటుకు వదిలేశారు. 3 నుంచి 20 మి.మీ. వరకు ఉన్నవాటిని కటింగ్ మిషన్‌తో రెండు సార్లు గీసి, కనీసం 12 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. లోతు గాడి చేశారు. అంతకన్నా పెద్దవాటిలో సీలెంట్ పోస్తే ఎండకు జారిపోతుంది, అందుకని వాటిని తారు కలిపిన ఇసుకతో కూరారు. గాడిలో గడ్డి ఉంటే వేరుతో లాగి, ఇనుప బ్రష్ వేసి, కంప్రెసర్ గాలి కొట్టారు. గాలి ఒకసారి కొట్టి వదలకూడదు. మొదటిసారికి దుమ్ము లేస్తుంది, రెండోసారికి గాడి గోడ నల్లగా కనబడుతుంది. గోడ బూడిదరంగులో ఉందంటే ఇంకా దుమ్ముందని అర్థం, సీలెంట్ దుమ్ముకే అంటుకుని దానితోపాటు ఊడొస్తుంది.

సీలెంట్ రబ్బరు కలిపిన తారు. కావాల్సిన సరుకు ఇలా లెక్కేయాలి: 12 మి.మీ. × 15 మి.మీ. గాడికి మీటరుకు 0.18 లీటరు, 410 మీటర్లకు 74 లీటర్లు, బరువులో సుమారు 82 కిలోలు. వృథాతో కలిపి 95 కిలోలు అనుకోవచ్చు. 40 కిలోల సరుకుతో 400 మీటర్లు నింపామని ఎవరైనా బిల్లు పెడితే గాడి చేయకుండా పైన రాసి పోయారని తెలిసిపోతుంది.

పగుళ్ల పని మొదటిరోజు ఒక తప్పు జరిగింది. సీలెంట్‌ని మామూలు డ్రమ్ములో వేసి కింద కట్టెల మంట పెట్టారు, థర్మామీటర్ లేదు. మంట తగిలిన అడుగున రబ్బరు మాడిపోతుంది, పైన ఇంకా గడ్డగా ఉంటుంది. ఆ డ్రమ్ములోంచి గరిటెతో కొంచెం తీసి రేకు మీద పోసి చల్లారనిచ్చాం. మంచి సీలెంట్ చల్లారాక వేలితో లాగితే చిక్కటి తీగలా సాగి, వదిలితే మెల్లగా వెనక్కి పోతుంది. ఇది మడవగానే విరిగింది. పోసేటప్పుడు నీళ్లలా పల్చగా పారడం, ఘాటైన మాడు వాసన రావడం కూడా అదే చెబుతాయి. ఆ డ్రమ్ము పక్కన పెట్టించగానే వాదించకుండా ఒప్పుకున్నారు. మర్నాడు రెండు గోడల మధ్య నూనె ఉండే కెటిల్ తెచ్చారు, థర్మామీటర్ ముల్లు 180, 190 మధ్యే ఆడింది. మాడిన సరుకును మళ్లీ కరిగించి కలపలేదు.

నింపేటప్పుడు గాడి అంచుకు 3 మి.మీ. కిందే ఆపారు. చూడ్డానికి సగం నింపినట్టుంటుంది, మేనేజర్‌కి నచ్చలేదు కూడా. కానీ డిసెంబరులో తెరుచుకున్న పగులు మేలో దగ్గరవుతుంది, లోపలి సీలెంట్ పైకి పొంగుతుంది. అంచు దాకా నింపితే ఎండాకాలంలో ఉబ్బి టైర్లకు అంటుకుని తీగలుగా లేచొస్తుంది. పోశాక పైన రాతి డస్ట్ చల్లారు, తొలిరోజుల్లో టైరుకు అంటకుండా. షామియానా రంధ్రాలను కూడా ఇలాగే గాలికొట్టి, అడుగున ఎండు ఇసుక దట్టించి, పైన సీలెంట్ పోశారు.

అక్టోబరు చివర చూస్తే 410 మీటర్లలో 25 మీటర్ల దాకా ఒక అంచు విడింది. అన్నీ కర్బు రాయి పక్కనే. తారు, కాంక్రీటు కలిసేచోట ఏటా తెరుచుకుంటుంది, ఏటా వానలకు ముందు చూసుకోక తప్పదు. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి.

గుంతల పూడ్పు

మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలిన చోట పైన ఏ పూత వేసినా ఉపయోగం లేదు. కింద పొర కుంగింది కాబట్టే పైన అలా పగిలింది. కోసి తీయాల్సిందే. ఇక్కడ చెడ్డ భాగం దాటి నాలుగువైపులా 15 సెం.మీ. ఎక్కువగా, చతురస్రంగా, గోడ నిట్టనిలువుగా కోశారు. మెత్తబడ్డ మెటల్ తీసి కొత్తది వేసి దిమ్మిసతో కొట్టారు. అడుగున, నాలుగు గోడలకు ఆర్ఎస్-1 (త్వరగా గట్టిపడే రకం) ఎమల్షన్ పూశారు. చదరపు మీటరుకు పావు కిలో చాలు. గోడలకు పూయడం మరిస్తే మొదటి ఏడాదే అంచు చుట్టూ సన్నని చీలిక వస్తుంది.

ఇంతవరకు బాగుంది. తప్పు వేడి మిక్స్‌తో వచ్చింది. 22 చదరపు మీటర్లు, 50 మి.మీ. మందం అంటే 1.1 ఘనపు మీటరు, సుమారు 2.6 టన్నులు. ఇంత చిన్న లోడును ఊరిబయట ప్లాంటు నుంచి ఒకే టిప్పర్‌లో తెస్తే చలికాలంలో త్వరగా చల్లారుతుంది, ఎందుకంటే తక్కువ సరుకుకు వేడి నిలవదు. వీజీ-30 రకం తారుతో చేసిన మిక్స్ పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు, రోలింగ్ 90కి ముందే ముగియాలి. టిప్పర్ 10 గంటలకు వచ్చింది, తార్పాలిన్ సగమే కప్పి ఉంది. మొదటి పదకొండు చోట్లా వేడి సరిపోయింది. వెనుక గోడ దగ్గర చివరి మూడింటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, థర్మామీటర్ గుచ్చితే 80 చిల్లర. ప్లేట్ కాంపాక్టర్ ఎన్నిసార్లు తిప్పినా కంకర కంకరగానే కనబడింది. ఆపమన్నా, ‘మిగిలిన సరుకు పారబోయలేం సార్’ అని కొట్టేశారు. జూలైకి ఆ మూడింట్లోంచి చిప్స్ లేచి టైర్ల వెంట స్థలమంతా పడ్డాయి. మిగతా పదకొండూ చెక్కుచెదరలేదు.

దీనికి మార్గం తేలికే. కోయడం, శుభ్రం చేయడం, ఎమల్షన్ పూయడం ముందురోజు సాయంత్రానికి పూర్తిచేసి, టిప్పర్ వచ్చాక పరచడం, కొట్టడం మాత్రమే మిగిలేలా పెట్టుకోవాలి. ఇక్కడ టిప్పర్ నిలబడి ఉండగా ఇంకా గోడలు కోస్తున్నారు. మధ్యలో వానాకాలంలో గుంత పడితే బస్తాల్లో వచ్చే రెడీమేడ్ కోల్డ్ మిక్స్ తాత్కాలికంగా సరిపోతుంది. దానికి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) రాసిన ఐఆర్‌సీ:116 అని వేరే స్పెసిఫికేషనే ఉంది. 14 చోట్లా అదే వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

నూనె మరకలు

స్క్రూడ్రైవర్ పరీక్ష చాలు. మరక మీద గుచ్చితే దిగిందంటే తారు కరిగింది, కోసి తీయాలి. దిగకపోతే గీకి, డిటర్జెంట్‌తో కడిగి, ఆరాక ప్రైమర్ వేసి పైన సీల్ చేయొచ్చు. ఆరింటిలో రెండు కోశారు. జనరేటర్ చోటికి మళ్లీ తారే వేశారు, అది వృథా. అక్కడ కాంక్రీటు దిమ్మె పోసి, బండి కింద ట్రే పెట్టడమే పరిష్కారం. ఎవరైనా ‘డీజిల్ తగిలినా ఏం కాదు’ అంటూ బొగ్గు తారు సీలర్ చూపిస్తే వద్దనండి. మనం రెంటినీ తారనే అంటాం గానీ ఇది బొగ్గు నుంచి కోక్ తీసేటప్పుడు వచ్చేది. డీజిల్‌కు తట్టుకునే మాట నిజమే. కానీ అందులో క్యాన్సర్ కారక పదార్థాలు చాలా ఎక్కువ, అరిగిన దుమ్ముతో ఇంట్లోకి, వాననీళ్లతో చెరువుల్లోకి చేరతాయి. అమెరికాలో ఆస్టిన్ నగరం 2006 నుంచే దాన్ని నిషేధించింది.

స్లర్రీ సీల్

స్లర్రీ అంటే క్రషర్ డస్ట్, ఎస్ఎస్-2 (నిదానంగా గట్టిపడే రకం) కేటియానిక్ ఎమల్షన్, కొంచెం సిమెంటు, నీళ్లు కలిపిన జావ. ఐఆర్‌సీ:ఎస్పీ:81 దీనికే రాసిన పుస్తకం. స్థలమంతా అక్కర్లేదు. బండ్లు తిరిగే దారులు, గేటు ముందు, మలుపులు కలిపి 2,000 చదరపు మీటర్లకే వేయించారు. అది సరైన నిర్ణయం.

సరుకు లెక్క ఇక్కడే అడగాలి. చదరపు మీటరుకు 9 కిలోల డస్ట్ చొప్పున 18 టన్నులు. డస్ట్ బరువులో 8 శాతం అసలు తారు కావాలి, అంటే 1.44 టన్నులు. ఎమల్షన్‌లో తారు 60 శాతమే కాబట్టి ఎమల్షన్ 2.4 టన్నులు, 200 కిలోల డ్రమ్ములు 12. సిమెంటు 1 శాతం, నాలుగు బస్తాలకు కాస్త తక్కువ. సైటుకి మొదట వచ్చినవి 8 డ్రమ్ములు. లెక్క కాగితం ముందు పెట్టాక మర్నాడు మిగతా నాలుగు దిగాయి. ఆ ఎనిమిదింటితోనే సాగదీసి ఉంటే పైకి అంతే నల్లగా ఉండేది, రెండో వానకు చీపురుతో ఊడ్చుకోవాల్సి వచ్చేది.

కొన్ని చిన్న విషయాలు బాగా చూసుకున్నారు. డ్రమ్ము తెరిచేముందు నేలమీద అటూఇటూ దొర్లించారు, అడుగున పేరుకున్న తారు కలవడానికి. కలిపే నీళ్ల మీద మాత్రం మేమే పట్టుబట్టాల్సి వచ్చింది. బోరు నీళ్లు చాలాచోట్ల బాగా గట్టివి, క్షారం ఎక్కువ. కేటియానిక్ ఎమల్షన్‌లో పోస్తే అది ముందే విరిగిపోవచ్చు. రెండు మగ్గుల్లో పరీక్షించాం, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో నల్లా నీళ్లు. బోరు మగ్గులో ఐదు నిమిషాలకే పాలు విరిగినట్టు నల్లటి తరకలు తేలాయి. ట్యాంకర్‌తో నల్లా నీళ్లే తెప్పించారు.

వేయడం చేత్తోనే, చిన్న మిక్సర్, పొడవాటి రబ్బరు వైపర్లు. వేసేముందు తలం మీద నీళ్లు పొగమంచులా చల్లారు, మడుగు కట్టకుండా. వైపర్‌తో లాగేటప్పుడు జావ ముందు గోధుమ నీళ్లు వేరుగా పరుగెత్తుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయని గుర్తు. డస్ట్ అడుగున, తారు పైన తేలి, ఆరాక పొరలా లేచిపోతుంది. వీళ్ల జావ పెరుగన్నంలా కదిలింది, అలాగే ఉండాలి.

వేసినప్పుడు చాక్లెట్ రంగులో ఉంటుంది. ఎండ తగిలేచోట గంటన్నరకు నల్లబడింది. అది నల్లబడటమే, గట్టిపడటం కాదు. పార్కింగ్‌లో 24 గంటలు ఆగాలి, నిలబడి స్టీరింగ్ తిప్పితే వచ్చే మెలి అంత కఠినం. చూసుకోవడానికి తెల్ల టిష్యూ కాగితం అద్దండి. గోధుమ మరక అంటితే ఇంకా కాలేదు, తేటనీళ్లే అంటితే తారు రాయిని పట్టినట్టు.

గేటు మూల కథ ఇదే. ఆ చోటు భవనం నీడలో ఉంటుంది. ఆరోరోజు అక్కడ మాత్రం నాలుగున్నర దాకా వేస్తూనే ఉన్నారు. మర్నాడు పొద్దున 9కి డెకరేషన్ లారీ వచ్చింది. ‘ఆరింది సార్, బండ్లు ఇడువుండ్రి’ అన్నాడు మేస్త్రీ. మేనేజర్ గొలుసు తీయించాడు. లారీ మలుపు తిరుగుతుంటే 12 చదరపు మీటర్ల స్లర్రీ చాపలా చుట్టుకుని లేచింది. కింద ఇంకా గోధుమరంగే. తప్పు ఇద్దరిదీ. దాన్ని గీకి మళ్లీ వేశారు గానీ అతుకు దగ్గర ఇప్పటికీ గట్టు తగులుతుంది.

ఫాగ్ కోటు, గీతలు

మిగిలిన 1,600 చదరపు మీటర్లలో బైకుల చోటు 300 వదిలి, 1,300కి ఫాగ్ కోటు. ఎస్ఎస్-1 ఎమల్షన్‌ని సగానికి సగం నీళ్లు కలిపి, చదరపు మీటరుకు 0.6 లీటరు. అంటే 780 లీటర్లు, అందులో ఎమల్షన్ 390, రెండు డ్రమ్ములలోపే. ఎప్పుడూ ఎమల్షన్‌లో నీళ్లు పోయాలి, నీళ్లలో ఎమల్షన్ పోస్తే విరిగే ప్రమాదం ఎక్కువ. ఎండి బూడిదరంగుకు తిరిగిన తలానికి ఇది ఒంటికి నూనె రాసినట్టు పనిచేస్తుంది. ఇంకా నల్లగా, జిడ్డుగా ఉన్న తలానికి వేస్తే జారుతుంది. బైకులు పడతాయి, అందుకే ఆ భాగం వద్దన్నాం. కొత్తగా వేసిన బీటీకి మొదటి ఆరు నెలలు, వీలైతే ఏడాది, ఏ సీల్ కోటూ వేయించకండి.

గీతలకు థర్మోప్లాస్టిక్, 2.5 మి.మీ. మందం, 2.5 × 5 మీటర్ల బేలు (ఒక్కో కారుకు ఒక గడి). మందం సరిగానే ఉంది, గాజు పూసలు చల్లారు. కానీ స్లర్రీ వేసిన మర్నాడే వేశారు. లోపలి తడి 180 డిగ్రీల వేడికి ఆవిరై గీతల్లో సూదిబెజ్జాలు పడ్డాయి, దారుల్లోని బాణాల గుర్తులు నాలుగు స్లర్రీతో సహా పెచ్చులూడాయి. కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఆగి వేయాలి. హాల్ వాళ్లకు సంక్రాంతి తర్వాత ఇంకా ఖాళీ రోజులున్నాయి, ఈ తొందర అనవసరం.

కొటేషన్ అడిగేటప్పుడు

మొత్తం స్థలానికి చదరపు అడుగు లెక్కన ఒకే రేటు ఇస్తే తీసుకోకండి. ఆ రేటులో పగుళ్లు ఎన్ని నింపినా, నింపకపోయినా వాళ్లకు వచ్చేది అంతే. పగుళ్లు మీటర్లలో, గాడి కొలతతో. గుంతలు చదరపు మీటర్లలో, మందంతో. స్లర్రీ చదరపు మీటర్లలో, మీటరుకు ఎన్ని కిలోలో రాసి. ఎమల్షన్ రకం, డ్రమ్ముల సంఖ్య కాగితం మీద ఉండాలి. ఖాళీ డ్రమ్ములు బిల్లు అయ్యేదాకా సైటులోనే ఉంచమనండి. ఇక షామియానా వాళ్లకు గూటాలు కొట్టొద్దని, ఇసుక బస్తాలో సిమెంటు దిమ్మెలో కట్టుకోమని హాల్ బుకింగ్ కాగితంలోనే రాయించారు. ఈ పని వల్ల వచ్చిన మంచి మార్పుల్లో అదొకటి, సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా కొత్త రంధ్రాలు నాలుగే.

ఈ హాల్ వాళ్లు బిల్లులో 10 శాతం వానాకాలం దాటేవరకు ఆపి ఉంచారు. అక్టోబరు చివర కాంట్రాక్టరుతో కలిసి మళ్లీ సుద్ద పట్టుకుని తిరిగితే తేలినవి: వెనుక గోడ దగ్గర మూడు ప్యాచ్‌లు, కర్బు పక్కన 25 మీటర్ల సీలెంట్, గేటు అతుకు, నాలుగు బాణాలు. వచ్చే ధనుర్మాసం మొదటి వారంలో వీటిని తన ఖర్చుతో చేసిస్తానని ఒప్పుకుని, ముందురోజే కోసి పెట్టుకుంటామని, టిప్పర్‌కి పూర్తి తార్పాలిన్ కప్పిస్తామని అదే కాగితం మీద రాసి సంతకం చేశాడు. ఆపిన డబ్బు అప్పటిదాకా హాల్ దగ్గరే ఉంటుంది.